వాయిదా కూడా ఒక వాగ్దానమే

2023లో ఒక శుక్రవారం. జుమా నమాజు ముగిసి జనం మస్జిదు మెట్లు దిగుతున్నారు. గేటు పక్క వేపచెట్టు నీడలో ఒక తల్లి నా కోసం నిలబడి ఉంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. "హజ్రత్, అబ్బాయి పాస్‌పోర్టు ఆగిపోయింది. ఈ ఇంగ్లీషు కాగితంలో ఏముందో కాస్త చదివి చెప్పండి" అంది.

చదివాను. ఆమె కొడుకు మీద పాత క్రిమినల్ కేసు ఉన్నట్టు పోలీసు విచారణలో తేలిందనీ, కోర్టు ఇచ్చిన అరెస్టు వారంటు ఇంకా అలాగే ఉందనీ, దీనికి సంజాయిషీ చెప్పుకోవాలనీ అందులో ఉంది. ఆ మాట చెప్పగానే ఆమె మొహం పాలిపోయింది. "ఆ గొడవ ఎప్పుడో రాజీ అయిపోయింది కదా హజ్రత్! పదేళ్లయింది. ఇప్పుడు వారంటు ఏమిటి?" అంది.

నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ కేసులో వాడికి జామీను పడ్డవాణ్ణి నేనే.

ఈ సంగతి పత్రికలో రాయడానికి చాలాకాలం వెనకాడాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. కానీ ఇలాంటి కాగితం పట్టుకుని తిరిగే తల్లులు మన పేటల్లో ఇంకా ఉన్నారు. తెలియక కొందరు, తెలిసీ భయంతో మరికొందరు పాత వారంటును ఇంట్లో దాచిన పామును దాచినట్టు దాచుకుంటున్నారు. వాళ్ల కోసం రాయక తప్పదనిపించింది.

జరిగింది ఇదీ

ఆ కుర్రాడు చిన్నప్పుడు నా దగ్గర ఉర్దూ చదువుకున్నాడు. 2013లో మురుగుకాలువ నీళ్ల దగ్గర పక్కింటివాళ్లతో గొడవపడ్డారు. చెయ్యి చేసుకున్నారు. ఒకరికి తల పగిలింది. వాడిమీదా, వాడి అన్నమీదా, మరో ఇద్దరు బంధువులమీదా కేసు పెట్టారు. కోర్టు బెయిలిచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. తల్లి మా ఇంటికొచ్చి కూర్చుంది. నేను ఇంటిపన్ను రసీదు పట్టుకెళ్లి పదివేల రూపాయల బాండు మీద సంతకం పెట్టాను.

నాలుగైదు వాయిదాలకు క్రమం తప్పకుండా వెళ్లాడు. 2014లో కువైట్ వీసా వచ్చింది. వెళ్లేముందు నా దగ్గరకొచ్చి, "వాయిదాలున్నాయి హజ్రత్, ఏం చేయమంటారు?" అని అడిగాడు. నేనేమన్నానో నాకింకా గుర్తుంది. "చిన్న కేసేగా, మీ అన్న చూసుకుంటాడు. బతుకుదెరువు ముందు" అన్నాను. కోర్టు అనుమతి తీసుకున్నావా అని అడగలేదు. వకీలుకు చెప్పావా అని అడగలేదు. దువా చేసి పంపించాను.

వాడు రాకపోయేసరికి కోర్టు నాన్‌బెయిలబుల్ వారంటు జారీ చేసింది. మనవాళ్లు పొట్టిగా 'ఎన్‌బీడబ్ల్యూ' అంటారు. 2015లో నాకు నోటీసు వచ్చింది. 'నీవు హాజరుపరుస్తానన్న మనిషి హాజరు కాలేదు, బాండు సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పు' అని దాని సారాంశం. మెజిస్ట్రేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. దయతలచి సగానికి తగ్గించారు. అయిదువేలు కట్టాను. ఇంట్లో ఆవిడకు చెప్పలేదు. ఆ కుటుంబంతో మాటలు మానేశాను. వారంటు ఏమైందని మాత్రం అడగలేదు. నా డబ్బు పోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

2016లో మిగిలిన ముగ్గురూ లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నారు. కేసు ముగిసిందని ఇంట్లో సేమ్యా వండుకుని అందరికీ పంచారు. కానీ వాళ్లకు తెలియని విషయం ఒకటుంది. ఒక ముద్దాయి పరారీలో ఉంటే, మిగతావాళ్ల విచారణ ఆగిపోకుండా, అతని భాగాన్ని కోర్టు విడదీసి వేరే నంబరు ఇస్తుంది. ఆ తర్వాత అది దీర్ఘకాలంగా పెండింగులో ఉన్న కేసుల జాబితాలో చేరుతుంది. అన్న కేసు కొట్టేశారు. తమ్ముడి కేసు అల్మారాలో బతికే ఉంది.

ఆ తర్వాత వాడు రెండుసార్లు సెలవుమీద వచ్చి వెళ్లాడు. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు. పదేళ్ల పాస్‌పోర్టు గడువు తీరి కొత్తదానికి దరఖాస్తు పెట్టినప్పుడు గాని నిజం బయటపడలేదు.

వారంటుకు ముసలితనం లేదు

మనలో చాలామందికి ఒక భ్రమ ఉంది. కొన్నేళ్లు గడిస్తే వారంటు దానంతటదే చెల్లకుండా పోతుందనుకుంటారు. ఇది పొరపాటు. దాన్ని జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా పోలీసులు అమలు చేసేదాకా అది అమల్లోనే ఉంటుందని చట్టం స్పష్టంగా చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 70వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 72వ సెక్షన్. నంబరు మారింది, మాట మారలేదు. పదేళ్లయినా, ఇరవై ఏళ్లయినా అంతే.

పైగా అది ఊరికే పడి ఉండదు. బెయిలు మీద ఉండి, తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడమే ఒక వేరే నేరం. దానికి ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అరెస్టు వారంటు ఉన్నవారికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, ఉన్న పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోవచ్చు. గల్ఫ్ ఉద్యోగం మీద పొయ్యి వెలిగే ఇళ్లకు, హజ్‌కో ఉమ్రాకో పైసా పైసా కూడబెట్టుకున్న పెద్దలకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు.

రెండు భాషల మధ్య ఒక మాట

ఉర్దూ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఒక విషయం నన్ను వెంటాడుతుంది. మన తెలుగు కోర్టు మాటల్లో సగం ఉర్దూ నుంచి వచ్చినవే. వకీలు, వకాల్తా, హాజరు, జప్తు, రాజీ, జామీను... అన్నీ. 'వాయిదా' కూడా అంతే. ఉర్దూలో అది 'వాదా', అంటే మాట ఇవ్వడం. కోర్టు వాయిదా అంటే వట్టి తారీఖు కాదు. 'ఫలానా రోజున వస్తాను' అని నువ్విచ్చిన మాట. ఇంట్లో పిల్లలకు మాట తప్పకూడదని రోజూ నేర్పే మనం ఈ వాదాను వాదాగా ఎందుకు చూడలేకపోయాం?

జామీను సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. మదరసాలో ఫిఖ్‌హ్ చదివినవాళ్లందరూ 'హిదాయా' గ్రంథంలో కఫాలత్ అధ్యాయం చదివే ఉంటారు. కఫాలత్ రెండు రకాలు. డబ్బుకు పూచీ పడటం ఒకటి, మనిషికి పూచీ పడటం రెండోది. మనిషికి పూచీ పడ్డవాడు అడిగినప్పుడు ఆ మనిషిని తెచ్చి నిలబెట్టాలి. యవ్వనంలో ఈ పాఠం నేను కంఠతా అప్పజెప్పాను, తర్వాత పిల్లలకు చెప్పాను కూడా. కోర్టులో బాండు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం అది ఈ పాఠమేనన్న ఆలోచన నాకు రాలేదు. ఏదో మునిసిపాలిటీ కాగితం మీద సంతకం పెట్టినట్టు పెట్టి వచ్చాను. ఆ కుర్రాడు కువైట్‌లో తన 'కఫీల్' మాట జవదాటకుండా తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఇక్కడ ఊళ్లో ఇంకో కఫీల్ ఉన్నాడన్న సంగతి వాడూ మరిచిపోయాడు, ఆ కఫీల్ కూడా మరిచిపోయాడు.

అయిదువేలు కట్టి చేతులు దులుపుకోవడం డబ్బుకు పూచీ పడ్డవాడి పని. నేను పూచీ పడింది మనిషికి.

ఇంకో మాట. తెలుగులో 'ముద్దాయి' అంటే కేసు ఎదుర్కొంటున్నవాడు. ఉర్దూలో 'ముద్దయీ' అంటే కేసు వేసినవాడు! ఒకే మాట రెండు భాషల్లో రెండు వైపులా నిలబడింది. దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. ముద్దాయి అనే పేరు పడినంత మాత్రాన మనిషి దోషి అయిపోడు. అది కోర్టులో అతను నిలబడే చోటు మాత్రమే. తప్పు చేశాడో లేదో తేల్చాల్సింది విచారణ. ఆ విచారణకే వెళ్లకపోతే నిర్దోషి కూడా జీవితమంతా పరారీలో ఉన్న మనిషిగానే మిగిలిపోతాడు.

భయం ఎక్కడిది?

'పంతులుగారికేం, సులువుగా చెబుతారు. పోలీసులంటే, కోర్టులంటే పేదవాడికి ఉండే భయం ఆయనకేం తెలుసు?' అని కొందరు అనవచ్చు. ఆ భయం ఉత్తది కాదు. రోజుకూలీ మీద బతికేవాడికి ఒక్కో వాయిదా ఒక్కో రోజు తిండి. పొద్దున పదిన్నరకు వెళితే సాయంత్రం ఇంకో తారీఖు ఇచ్చి పంపుతారు. అద్దె ఇళ్లు మారుతుంటారు. సమన్లు పాత ఇంటికి పోతాయి. వకీలు ఫోను ఎత్తడు, లేదా ఫీజు బాకీ ఉందని మనవాడే ఫోను చేయడు. ఒకసారి జ్వరమొచ్చి వెళ్లలేదు. రెండోసారి, మొన్న రాలేదేమని తిడతారని వెళ్లలేదు. మూడోసారి వారంటు ఉందని తెలిసి వెళ్లలేదు. ఒక్క జ్వరం పదేళ్ల పరారీ అయిన కథలు నాకు తెలుసు.

కోర్టులకూ ఇందులో బాధ్యత ఉంది. సుప్రీంకోర్టు 2007లోనే ఇందర్ మోహన్ గోస్వామి కేసులో ఈ విషయం చెప్పింది. నాన్‌బెయిలబుల్ వారంటును యథాలాపంగా జారీ చేయకూడదు. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారంటు, అప్పటికీ మనిషి రాడని నమ్మకం కుదిరితేనే చివరి అస్త్రం. 2022లో సతేందర్ కుమార్ అంటిల్ తీర్పులోనూ ఇదే వరసను గట్టిగా గుర్తుచేసింది. సమన్లు నిజంగా మనిషికి అందాయా లేదా అని చూడకుండా కాగితం మీద కాగితం వేసుకుంటూ పోతే నష్టపోయేది ఇల్లు మారిన పేదవాడే. ఈ మాట మనం అనవలసిందే. అయితే అది కోర్టు గుమ్మంలో నిలబడి అనాలి గాని, చుట్టాల ఇంట్లో దాక్కుని కాదు.

దళారీ చూపే అడ్డదారి

ఆ తల్లి నన్ను కలవకముందే ఒక మధ్యవర్తి వాళ్లింటికి వచ్చి వెళ్లాడు. "ఇరవై వేలివ్వండి. మనిషి ఊళ్లో లేడు, ఆచూకీ తెలియలేదు అని రాయించేస్తాను. వారంటు వెనక్కి పోతుంది" అన్నాడట. గాజులు తాకట్టు పెట్టడానికి ఆమె సిద్ధపడింది కూడా.

ఈ అడ్డదారి ఎక్కడికి పోతుందో చూడండి. మనిషి దొరకలేదని పోలీసులు రాస్తే వారంటు రద్దు కాదు. అతను కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టు నమ్మడానికి అదే ఆధారమవుతుంది. అప్పుడు కోర్టు ప్రకటన జారీ చేయవచ్చు. ఆ ప్రకటనను అతను ఉండే ఊళ్లో నలుగురిలో చదువుతారు. ఇంటికి అంటిస్తారు. కోర్టులో అంటిస్తారు. కనీసం ముప్పై రోజుల గడువిస్తారు. అప్పటికీ రాకపోతే ఆస్తి జప్తు చేయవచ్చు. ప్రకటనకు లోబడకపోవడానికే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఇరవై వేలు పోసి కొనుక్కునేది ఇదీ! పైగా ఆ డబ్బు లంచం. ఒక వాదా తప్పింది చాలక దాని మీద లంచం పాపం కూడా మోయడమా?

'అల్లా చూసుకుంటాడు' అని కూర్చునేవాళ్లు ఇంకొందరు. తవక్కుల్ అంటే మన చేతిలో ఉన్నది మనం చేసి, ఫలితాన్ని ఆయనకు వదిలేయడం. చేయవలసింది చేయకుండా కూర్చోవడానికి ఆయన పేరు వాడుకోవడం కాదు.

మేము చేసిన పని

ఆ శుక్రవారం సాయంత్రం ఆ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు. ఎనిమిదేళ్ల కోపం నా నాలుక చివర ఉంది. కానీ "మీ అన్న చూసుకుంటాడు" అన్న నా సొంత మాట అడ్డొచ్చింది. కూర్చోమన్నాను.

మొదట కేసు ఎక్కడుందో కనుక్కున్నాం. ఈ రోజుల్లో ఇది కష్టం కాదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులోనో, ఫోను యాప్‌లోనో జిల్లా, కోర్టు ఎంచుకుని పేరుతో గాని, ఎఫ్ఐఆర్ నంబరుతో గాని వెతకవచ్చు. పైసా ఖర్చు లేదు. విడదీసిన కేసు కొత్త నంబరు, తర్వాతి తారీఖు అందులో కనిపించాయి. చాలా పాత కేసులైతే అందులో దొరక్కపోవచ్చు. అప్పుడు వకీలు కోర్టు ఆఫీసులో రిజిస్టరు చూపించి తెలుసుకుంటారు.

తర్వాత వకీలును కలిశాం. ఆయన వారంటు రద్దు కోరుతూ పిటిషన్ రాశారు. కోర్టు వాడుకలో దాన్ని 'రీకాల్ పిటిషన్' అంటారు. ఎందుకు రాలేదో దాపరికం లేకుండా రాయమన్నాం. పాస్‌పోర్టులో వెళ్లిన ముద్రలు, వచ్చిన ముద్రలు జతచేశాం. 'అనారోగ్యం' అని అబద్ధపు సర్టిఫికెట్ పెడదామని వాడి బంధువు ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. ముద్రలు ఒకటి చెప్పి, డాక్టరు కాగితం ఇంకొకటి చెబితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

సోమవారం పొద్దున్నే వెళ్లాం. ఎందుకు పొద్దున్నే అంటే, మనంతట మనం కోర్టు ముందు నిలబడటానికీ, పోలీసులు తెచ్చి నిలబెట్టడానికీ చాలా తేడా ఉంది. మొదటిది మాట నిలబెట్టుకోవడానికి వచ్చిన మనిషి. రెండోది పట్టుబడ్డ మనిషి. అదీగాక పోలీసులు అప్పుడప్పుడు పాత వారంట్ల అమలుకు ప్రత్యేకంగా గాలింపు జరుపుతారు. శుక్రవారం రాత్రి పట్టుబడితే, సెలవుల్లో ఇన్‌చార్జి మెజిస్ట్రేటు రిమాండుకు పంపితే, అసలు కోర్టు తెరిచేదాకా జైల్లోనే ఉండాల్సి రావచ్చు.

మెజిస్ట్రేటు ఫైలు చూసి, "ఇన్నేళ్లు ఏమయ్యావు?" అని అడిగారు. వాడు జరిగింది చెప్పాడు. జరిమానా కట్టించుకుని వారంటు రద్దు చేశారు. కొత్తగా ఇద్దరు జామీనుదారులను తెమ్మన్నారు. అన్ని కేసుల్లో ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. నేరం పెద్దదైతే, ఎగవేత చాలాసార్లు జరిగి ఉంటే, కోర్టు కొన్నాళ్లు జైలుకు పంపనూవచ్చు. ఆ అవకాశానికి కూడా మనసు సిద్ధం చేసుకునే వెళ్లాలి. ఆ కొన్నాళ్లు లెక్క ఉన్నవి. దాక్కునే ఏళ్లకు లెక్క లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. వారంటు రద్దయిందని చెప్పే కోర్టు ఉత్తర్వు నకలు తీసుకోండి. అది సంబంధిత పోలీసు స్టేషనుకు చేరిందో లేదో వకీలు ద్వారా కనుక్కోండి. కోర్టులో రద్దయినా స్టేషను రిజిస్టరులో మిగిలిపోయిన వారంటు వల్ల మళ్లీ ఇబ్బంది పడ్డవారున్నారు. ఆ నకలు ఇంట్లో నిఖానామా దాచుకున్నంత భద్రంగా దాచుకోండి.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవలసినవి

వాయిదాకు వెళ్లలేని రోజు వస్తే దానికీ దారి ఉంది. ఆ రోజు హాజరు మినహాయించమని కారణం చూపి వకీలు పిటిషన్ వేయవచ్చు. ఒక్క కాగితంతో పోయే పని. ముందురోజే వకీలుకు చెప్పాలి, అంతే. ఇల్లు మారితే కొత్త చిరునామా కోర్టుకు తెలియజేయాలి. కేసు నడుస్తుండగా విదేశానికి వెళ్లాలంటే కోర్టు అనుమతి కోరాలి. 1993 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం, కోర్టు అనుమతి ఇస్తే కేసు పెండింగులో ఉన్నవారికి కూడా పరిమిత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. 2014లో నేను ఆ కుర్రాడికి చెప్పవలసింది ఈ మాట. దువాతో పాటు ఇది కూడా చెప్పి ఉంటే వాడి తల్లి వేపచెట్టు కింద అలా నిలబడేది కాదు.

వారంటుతో పోలీసులు ఇంటికే వస్తే పారిపోవద్దు, తోపులాటకు దిగవద్దు. ఏ కోర్టు ఇచ్చింది, ఏ కేసు అని మర్యాదగా అడగండి. వారంటులోని విషయం చెప్పడం, అడిగితే దాన్ని చూపించడం వాళ్ల విధి. అది బెయిలబుల్ వారంటు అయితే అందులో రాసిన ప్రకారం జామీను ఇచ్చి అక్కడికక్కడే విడుదల కావచ్చు. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం పోను ఇరవైనాలుగు గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప, స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు.

వకీలుకు డబ్బులేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ఆదాయం తక్కువ ఉన్న మిగతావారికీ దొరుకుతుంది. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఈ సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపిస్తారు. ఇది ఎవరో వేసే భిక్ష కాదు, మన హక్కు.

మన మస్జిదు కమిటీలకు కూడా ఒక విన్నపం. పెళ్లి సంబంధాలు కుదర్చడంలో, తగవులు తీర్చడంలో చూపే శ్రద్ధలో కొంత ఇటు చూపించండి. నెలకొకసారి ఒక వకీలును పిలిచి, జుమా తర్వాత అరగంట కూర్చోబెట్టండి. పేరు బయటపడకుండా పాత కేసుల సంగతి అడిగి తెలుసుకునే వీలు కల్పించండి. వారంటు ఉన్న ఇంటిని వేలెత్తి చూపే నోళ్లు మన పేటలో చాలానే ఉన్నాయి. ఆ ఇంటివాళ్లను కోర్టుదాకా తోడుకుని వెళ్లే కాళ్లు తక్కువ.

మళ్లీ సంతకం

ఆ సోమవారం కోర్టు కొత్త జామీనుదారులను అడిగినప్పుడు వాడి అన్న ముందుకొచ్చాడు. రెండోవాడు దొరకలేదు. పొద్దున 'నేనున్నాను' అన్న ఇద్దరు మధ్యాహ్నానికి కనిపించలేదు. వాళ్లను తప్పుపట్టను. నేను ఇంటికి ఫోను చేశాను. 2015లో అయిదువేలు కట్టిన సంగతి మా ఆవిడకు అప్పుడే మొదటిసారి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంటిపన్ను రసీదు బీరువా పైఅరలో ఉంది. కుర్రాణ్ణి పంపండి, ఇస్తాను. ఈసారి మాత్రం వాయిదా తారీఖులు నా చేతికివ్వండి" అంది.

అలా మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి బాండులో ఉన్న ప్రతి మాటా చదివి పెట్టాను. వంటింటి గోడమీద క్యాలెండరులో ఆమె ప్రతి వాయిదాకు ఎర్రసిరాతో గీత గీసింది. ముందురోజు సాయంత్రం ఆ తల్లికి ఫోను చేసేది. ఏడెనిమిది వాయిదాల తర్వాత పక్కింటివాళ్లు ఈ కుర్రాడితోనూ రాజీకి ఒప్పుకున్నారు. కేసు మూతపడింది. కువైట్ ఉద్యోగం మాత్రం పోయింది. ఆలస్యానికి అతను కట్టిన వెల అది. ఇప్పుడు బస్టాండు దగ్గర వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. రాత్రి తలుపు చప్పుడైతే తన కొడుకు ఇప్పుడు ఉలిక్కిపడి లేవడం లేదని వాళ్లమ్మ చెప్పింది. కువైట్ నుంచి సెలవుమీద వచ్చినప్పుడల్లా వాడలా ఉలిక్కిపడేవాడన్న సంగతి నాకప్పుడే తెలిసింది.

ఈ రోజు జుమా నుంచి ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఒక్క మాట అడగండి. ఎవరికైనా, ఎప్పటిదైనా తప్పిపోయిన వాయిదా ఉందా? మీరు ఎవరికైనా జామీను పడి మరిచిపోయారా? ఉంటే కోపం వద్దు, కేకలు వద్దు. సోమవారం పొద్దున వాళ్లతో పాటు కోర్టుకు వెళ్లండి. తప్పిన మాటను సరిదిద్దుకునే అవకాశం ఇంకా మన చేతిలోనే ఉంది. అల్లా మనందరికీ ఆ ధైర్యాన్ని ప్రసాదించుగాక.